రెండో నిమిషంలో నల్లడబ్బా

పోయిన వారం మనం పాఠాలమ్మ ఇంటి గుమ్మంలోనే ఆగిపోయాం. తలుపు తట్టిన మనిషి ఇంకా లోపలికి రాలేదు. ఆయన వచ్చేలోగా, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

పాఠాలమ్మ చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. ఆ పేరు పెట్టింది ఆ పిల్లలే. పడకగదిలో బట్టల బీరువా తలుపులు తెరిచి, చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో స్టూలు వేసుకుని చదువుతుంది. ఆ రికార్డింగులు గ్రంథాలయానికి వెళ్తాయి. అక్కడి నుంచి పిల్లల చెవులకు.

పదహారు రోజుల కిందట ఇంట్లో కంప్యూటరుకు వైరస్ పట్టింది. ఏ పేజీ తెరవబోయినా ఎవరూ అడగని పేజీ ఇంకేదో తెరుచుకుంటుంది, దాని నిండా జూదం ప్రకటనలు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. మూడుసార్లు శుభ్రం చేశాడు. మూడుసార్లూ మర్నాటికల్లా అది మళ్లీ వచ్చి కూర్చుంది. పాఠాలన్నీ దాచిన బయటి డిస్కు తెరిస్తే ఫోల్డర్లు మాయం, ఒకే ఒక్క బాణం గుర్తు మిగిలింది. ఆ డిస్కు తీసుకెళ్లి తగిలించడంతో గ్రంథాలయంలో రెండు కంప్యూటర్లకూ అంటుకుంది. ఇక మీ రికార్డింగులు తీసుకోబోమని అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లల పరీక్షలకు పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

ఆ ఉత్తరం వచ్చిన రోజు లిఫ్టు మెకానిక్ తన తల్లి మీద నోరు పారేసుకున్నాడు. "మధ్యాహ్నాలు ఆ కంప్యూటర్లో పేకాట ఆడకపోతే ఏం పోయిందమ్మా నీకు? ఎక్కడెక్కడో నొక్కి ఇంటి మీదికి తెచ్చావు!" అన్నాడు. ఆ పూట నుంచి తొమ్మిది రోజులుగా ఆవిడ ఆ ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదు.

కంప్యూటరును సోమవారం దుకాణానికి పట్టుకెళ్లి మొత్తం తుడిపించేయాలని భర్త తేల్చేశాడు. ఆదివారం పొద్దున పదింటికి తలుపు చప్పుడైంది.

పాఠాలమ్మ తలుపు తీసింది. ఎదురుగా చేతికర్ర మడిచి చంకలో పెట్టుకుంటూ గ్రంథాలయం మాస్టారు నిలబడి ఉన్నారు.

ఆయనను పిల్లలు చెవుల మాస్టారు అంటారు. ఆయనకూ చూపు లేదు. వచ్చిన ప్రతి రికార్డింగూ మొదటినుంచి చివరిదాకా విని, ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ పక్కింటి కుక్క మొరిగిందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఉత్తరం మీద సంతకం ఆయనదే.

"రావచ్చా అమ్మా?" అన్నారు.

"రండి మాస్టారూ. మీరు... మీరే ఎందుకు వచ్చారు? కబురు చేస్తే నేనే వచ్చేదాన్నిగా."

"మీ కంప్యూటరు మా దగ్గరికి రాలేదు కదా. అందుకని నేనే వచ్చాను."

లిఫ్టు మెకానిక్ లుంగీ సర్దుకుంటూ లోపలినుంచి వచ్చాడు. మాస్టారి చేయి పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. కానీ మొహంలో చిరాకు దాగలేదు. గొంతులో అసలే దాగలేదు.

"క్షమించమని ఇదివరకే రాశాం మాస్టారూ. మీ రెండు కంప్యూటర్లు పాడైన మాట నిజమే. కావాలని చేసింది కాదు. మళ్లీ ఇంటికొచ్చి అడిగితే ఏం చెప్పగలం?"

"తిట్టడానికి వచ్చాననుకున్నారా?" మాస్టారు నవ్వారు. "అదయితే ఉత్తరంలోనే తిట్టేవాణ్ణి, బస్సెక్కే శ్రమ ఎందుకు? నాకో అనుమానం ఉంది బాబూ. అది తీర్చుకుందామని."

వంటింటి గుమ్మంలో చీర చెంగు కదిలింది. అత్తగారు వచ్చి అక్కడే నిలబడ్డారు, లోపలికీ రాకుండా, వెనక్కీ పోకుండా.

"మా దగ్గర కంప్యూటర్లు రెండూ తుడిచేశారు," అన్నారు మాస్టారు. "కానీ తుడవకముందు, రోజూ పొద్దున మెషీను వేసిన కాసేపటికి ఒక మాట సగం వినబడేది. నా కంప్యూటరు తెర మీద ఏది వచ్చినా చదివి వినిపిస్తుంది కదా, అది ఏదో అనబోయి చటుక్కున ఆగిపోయేది. నేను పట్టించుకోలేదు. మీ ఇంట్లో ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ వస్తోందని తెలిశాక, నిన్న ఉన్నట్టుండి అది గుర్తొచ్చింది. ఆ సగం మాట మీ దగ్గర కూడా ఉందేమో వినాలి."

లిఫ్టు మెకానిక్ భార్య వైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది పాఠాలమ్మకు అర్థమైంది. కళ్లున్న ముగ్గురం పదహారు రోజులుగా చూస్తున్నాం, ఈయన వచ్చి ఏం వింటాడు?

"మెషీను వేయగానే ఏమైనా కనిపిస్తుందా?" అని మాస్టారు అడిగారు.

"ఏమీ లేదండీ," అన్నాడు భర్త.

"కనిపిస్తుంది," అంది పాఠాలమ్మ నెమ్మదిగా. "ఒక నల్లడబ్బా. రెండు నిమిషాలకో ఎప్పుడో తెర మధ్యలో ఇలా తళుక్కుమని పోతుంది. రెప్ప వేసేంత సేపు. అందులో ఏముందో చదవాలని చాలాసార్లు చూశాను, అందదు."

"అదే," అన్నారు మాస్టారు. ఆయన ముందుకు వంగారు. "మీకు అందదు. నాకు అందుతుందేమో చూద్దాం."

తెర మీది రాతను చదివి వినిపించే గొంతు విండోస్‌లోనే ఉంటుంది. ఏ మూడు మీటలు కలిపి నొక్కాలో మాస్టారు చెప్పారు, పాఠాలమ్మ నొక్కింది. పెట్టెలోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో పలకడం మొదలుపెట్టింది. మాస్టారు దాని వేగం పెంచమన్నారు. ఇంకా పెంచమన్నారు. చివరికి అది మనిషి మాటలా లేదు, గిన్నెలో ఆవాలు చిటపటలాడినట్టుంది.

"ఇది మీకు అర్థమవుతుందా!" లిఫ్టు మెకానిక్ నోరు తెరిచాడు.

"మీకు గోల బాబూ, నాకు మాట. డబ్బా తొందరగా పోతుంది కాబట్టి మనం దానికంటే తొందరగా చదివించాలి. ఇప్పుడు మెషీను ఆపి, మళ్లీ వేయండి."

వేశారు. ముగ్గురూ తెర ముందు, అత్తగారు గుమ్మంలో. గోడగడియారం ముల్లు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. నల్లడబ్బా మెరిసి మాయమైంది. గొంతు ఒక్క క్షణం చిటపటలాడి ఆగింది.

మాస్టారు తల ఒక పక్కకు వంచారు.

"ఒక ముక్క దొరికింది. 'బ్రూమ్' అంది. చీపురు. దానికి ముందూ వెనకా ఏదో ఉంది. ఇంకోసారి వేయండి."

ఇంకోసారి వేయక్కర్లేదని పాఠాలమ్మకు అప్పుడే తెలిసిపోయింది. భర్త మెషీను ఆపి మళ్లీ వేశాడు. ఆ రెండు నిమిషాల్లో ఆమె తెర వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ అత్తగారి పాదాల వైపు చూసింది. కుడికాలి బొటనవేలు నేల మీద ఆగి ఆగి కదులుతోంది.

డబ్బా మెరిసింది.

"హమ్ బ్రూమ్ అప్‌డేట్," అన్నారు మాస్టారు. "పూర్తిగా వచ్చింది. ఎవరికైనా తెలిసిన పేరేనా?"

"చీపురేమిటి, కంప్యూటర్లో?" లిఫ్టు మెకానిక్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, పేకాట పేజీలో చీపురు బొమ్మ లాంటిదేమన్నా..."

"ఆవిణ్ణి అడగకండి," అంది పాఠాలమ్మ. "నేను."

గదిలో ఆ పెట్టెగొంతు ఒక్కటే ఏదో గొణుగుతోంది. మాస్టారు చేయి చాపి, తడిమి, దాన్ని ఆపేశారు.

"ఫ్యాను శబ్దం," అంది ఆమె. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "రెండు పాఠాలు తిప్పి పంపించారు కదా మాస్టారూ, వెనకాల ఫ్యాను గుయ్‌మంటోందని. ఆపి చదివితే చెమటలు, పది నిమిషాలు కూడా కూర్చోలేను. ఆ గుయ్‌మనే హమ్మును చీపురులా ఊడ్చేస్తుంది, ఉచితం అని ఒకచోట 'హమ్ బ్రూమ్' అనే ప్రోగ్రాము కనిపించింది. దింపుకున్నాను. అదేమీ ఊడ్చలేదు. పనికిరాలేదని తీసేశాను కూడా. తీసేస్తే పోయిందనుకున్నాను."

"ఎప్పుడు?" అన్నాడు భర్త.

"మీరు అత్తయ్యను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు."

"అంటే మొన్న నేను అమ్మను అన్ని మాటలు అంటున్నప్పుడు..."

"అనుమానం వచ్చింది. ఖాయంగా తెలియదు, కానీ అనుమానం మాత్రం వచ్చింది. అదే అయ్యుంటుందా అని మనసులో పీకుతూనే ఉంది. మీ కోపం చూసి భయపడ్డాను. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత ఇంకా కష్టమైపోయింది." ఆమె లేచి గుమ్మం దగ్గరకు వెళ్లింది. "అత్తయ్యా, తప్పయిపోయింది. నా బదులు మీరు మాట పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. మీరు ఎంత తిట్టినా పడతాను, మాట్లాడకుండా మాత్రం ఉండకండి."

లిఫ్టు మెకానిక్ తల్లి మొహంలోకి చూడలేక కంప్యూటరు వైపు చూస్తూ అన్నాడు, "నాదీ తప్పేనమ్మా. నిజం తెలుసుకోకుండా నోటికొచ్చింది అనేశాను."

అత్తగారు కోడలి మొహంలోకి చూశారు. తొమ్మిది రోజులుగా వాడని గొంతు కదా, మొదట దగ్గు వచ్చింది.

"కళ్లు తుడుచుకో అమ్మాయ్. తెలియక దింపుకున్నావు, దానికి తప్పేముంది? ఊరుకున్నావంటావా... పదిరోజుల్లోనే బయటపెట్టావు. నయమే." ఆ మాట దగ్గర ఆవిడ ఎందుకో ఆగి, మళ్లీ కొడుకును చూసి గొంతు పెంచారు. "ఒరేయ్, ఆ తోక పట్టుకున్నారుగా, ఇంకా చూస్తూ కూర్చుంటావేం? లాగి బయటపడెయ్. నేను టీ పెడతాను. మాస్టారికి చక్కెర ఎంతో అడుగు."

"ఒకటిన్నర చెంచా అమ్మా," అన్నారు మాస్టారు. కొడుకు గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వులో ఎక్కువ భాగం ఏడుపే ఉంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. ముందు ఇంటర్నెట్ తీగ పీకేయమన్నారు మాస్టారు, అది మళ్లీ బయటినుంచి ఏమీ తెచ్చుకోకుండా. "ఏ పని ఏ వేళకు చేయాలో కంప్యూటరు ఒక జాబితా పెట్టుకుంటుంది. దాన్ని టాస్క్ షెడ్యూలర్ అంటారు. అందులో వెతకండి," అన్నారు. లిఫ్టు మెకానిక్ వేలితో ఒక్కో వరుసే చూసుకుంటూ వెళ్లాడు. పద్నాలుగో వరుసలో దొరికింది. లాగిన్ అయిన రెండు నిమిషాలకు, ప్రతిసారీ, ఎవరికీ కనిపించని మూలన దాగిన ఫోల్డరులోంచి ఒక చిన్న ఫైలును లేపమని అందులో రాసి ఉంది. ఆ వరుస పుట్టిన తేదీ కంటి ఆసుపత్రికి వెళ్లిన రోజే.

"అదీ సంగతి!" అతను తొడ చరుచుకున్నాడు. "నేను కిందికొచ్చిన లిఫ్టుకు మసి తుడుస్తున్నాను. పైన స్విచ్చు నొక్కేవాడు నొక్కుతూనే ఉన్నాడు."

"సరిగ్గా అంతే," అన్నారు మాస్టారు. "ముందు పైవాడిని దించండి."

ఆ వరుసను తొలగించాడు. ఆ దాగిన ఫోల్డరును తొలగించాడు. బ్రౌజరులో అతుక్కుని కూర్చున్న ముక్కను పీకేశాడు. యాంటీవైరస్‌తో, విండోస్ పూర్తిగా లేవకముందే జరిగే తనిఖీ పెట్టాడు. అది ముగియడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆలోగా రెండు విడతలు టీ అయింది. మాస్టారు, అత్తగారు ఏ ఫ్యాను ఎంత గుయ్‌మంటుందో మాట్లాడుకున్నారు. ఆవిడ ముప్పై నాలుగేళ్లు ఒక పెద్ద ఆఫీసులో టైపిస్టు. "నలభై మిషన్ల మధ్య నా మిషను చప్పుడు నేను గుర్తుపట్టేదాన్ని," అన్నారు. మాస్టారు ముచ్చటపడి, ఆవిడ వేళ్ల వేగం ఎంతో వినాలని ఉందన్నారు. ఆవిడ బల్ల మీద వేళ్లు ఆడించి చూపించారు.

తనిఖీ అయ్యాక మళ్లీ మెషీనునూ, చదివే గొంతునూ వేశారు. ఈసారి నలుగురూ దాని చుట్టూనే ఉన్నారు. ఒక నిమిషం. రెండో నిమిషం. తెర మీద ఏమీ మెరవలేదు. మూడో నిమిషం దాటింది. నాలుగు. పెట్టెగొంతు నోరు మెదపలేదు.

"వింటున్నాను," అన్నారు మాస్టారు. "ఏమీ లేదు."

తీగ మళ్లీ తగిలించి బ్రౌజరు తెరిచారు. తెల్లటి ఖాళీ పేజీ వచ్చింది. ఖాళీ పేజీ ఇంత అందంగా ఉంటుందని పాఠాలమ్మకు ఆ రోజే తెలిసింది. కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులతో మొహం కప్పుకుని, వేళ్ల సందుల్లోంచి నవ్వింది. భర్త ఆమె భుజం తట్టి, "ఆ ఫ్యాను సంగతి నాకు వదిలెయ్. బేరింగు మారుస్తాను. ఇంట్లో మెకానిక్కును పెట్టుకుని చీపుళ్లు దింపుకుంటారా ఎవరైనా?" అన్నాడు.

"పాస్‌వర్డులన్నీ మార్చుకోండమ్మా, అదీ ముందు ఫోనులోంచి," అన్నారు మాస్టారు. "రేపు ఇంకోసారి తనిఖీ చేయించండి. ఇప్పుడు డిస్కు."

డిస్కులోని పాఠాల మీద ఎవరికీ ఆశ లేదు. రెండేళ్ల పని. గ్రంథాలయానికి అందినవి కొన్నే, మిగతావాటికి ఇంకో ప్రతి లేదు.

"అన్నీ పోయాయి మాస్టారూ. ఒక్క బాణం గుర్తే ఉంది."

"దాన్ని మాత్రం నొక్కకండి. తగిలించి, ముందు డిస్కునూ తనిఖీ చేయించండి. తర్వాత అది ఎంత నిండి ఉందో చూసి చెప్పండి."

చేయించింది. చూసింది. మళ్లీ చూసింది. "సగానికి పైగా నిండి ఉందంటోంది."

"ఖాళీ డిస్కు సగం నిండి ఎలా ఉంటుందమ్మా?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. లిఫ్టు మెకానిక్కుకే ముందు అందింది. "దాచేసిందా? తుడవలేదా?"

"చాలావాటికి తుడిచే ఓపిక ఉండదు బాబూ. పరదా వేసి, ముందు తన బొమ్మ నిలబెడుతుంది. దాచిన ఫైళ్లు చూపించమని విండోస్‌కు చెప్పండి. సిస్టమ్ ఫైళ్లను దాచే గుర్తు కూడా తీసేయండి."

రెండు గుర్తులు మార్చగానే తెర నిండా పాఠాలు లేచి నిలబడ్డాయి. రంగు కొంచెం వెలిసినట్టున్నాయి గానీ అన్నీ వరుసగా ఉన్నాయి. చరిత్ర, పౌరశాస్త్రం, భూగోళం. పాఠాలమ్మ ఒకదాన్ని నొక్కింది. తన గొంతే, నదులు పుట్టే చోటు గురించి నిదానంగా చెబుతోంది. వెనకాల ఫ్యాను గుయ్‌మంటోంది. ఆ గుయ్‌మనే శబ్దానికి ఆమె ఏడ్చేసింది.

"ఇది కూడా తిప్పి పంపిస్తారా మాస్టారూ?" అంది ముక్కు చీదుతూ.

"ఈ నెలకు ఫ్యానును క్షమించేశాం. రేపే తీసుకోమని చెబుతాను. పరీక్షలకు అందుతాయి. మొత్తం ఎన్నున్నాయో చూడండి, జాబితాలో రాయించాలి."

"నా పుస్తకంలో రెండువందల పన్నెండు," అంది ఆమె. తెర కింద అంకె చూసి కనుబొమలు ముడిచింది. "ఇక్కడ రెండువందల పదమూడు ఉన్నాయి."

"ఆ వైరసేమో, ఆగు," అన్నాడు భర్త.

"కాదు, రికార్డింగే. నేను అన్నింటికీ అంకెలు వేస్తాను, దీనికి అంకె లేదు. తేదీ రెండు నెలల కిందటిది. మధ్యాహ్నం మూడింటికి. ఆ వేళ నేను గ్రంథాలయంలో ఉంటాను కదా."

వెనకాల గాజుగ్లాసు పళ్లెంలో టక్కుమంది. ముగ్గురూ తిరిగారు. అత్తగారు టీ గ్లాసులు తీస్తున్నవారల్లా ఆగిపోయి ఉన్నారు.

"అది నాది," అన్నారు.

"నీదా?" కొడుకు నవ్వబోయాడు. "పేకాటే అనుకున్నాం, పాటలు కూడా పాడుతున్నావా?"

ఆవిడ నవ్వలేదు. గ్లాసులు కింద పెట్టి, చేతులు చెంగుకు తుడుచుకుని వచ్చి మాస్టారి పక్క కుర్చీలో కూర్చున్నారు.

"ఈ తొమ్మిది రోజులూ మీ మీద కోపంతో మాట్లాడలేదనుకున్నారు. కోపం కాదురా. చేయని పనికి మాట పడితే ఎలా ఉంటుందో చూస్తున్నాను. ఇంకొకరు ఎంతకాలం పడ్డారో లెక్కపెట్టుకుంటున్నాను." కోడలి చేయి మీద చేయి వేశారు. "నువ్వు పదిరోజుల్లో చెప్పేశావు అమ్మాయ్. నాకు అంత ధైర్యం లేకపోయింది. ఎవరికీ చెప్పలేక, ఆ బీరువా దుప్పట్ల మధ్య కూర్చుని మైకుకు చెప్పాను. డిస్కులోవన్నీ పోయాయన్నప్పుడు, సిగ్గు లేకుండా, హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు దొరికింది. దొరికినందుకే హమ్మయ్య అనిపిస్తోంది, చిత్రం చూడు. నొక్కు."

"అత్తయ్యా, మీకు ఇష్టం లేకపోతే..."

"నొక్కమ్మా."

పాఠాలమ్మ నొక్కింది. దుప్పట్ల మధ్య మూసుకుపోయినట్టున్న ఆ గొంతు మొదట గొంతు సవరించుకుంది. తర్వాత, కాగితం చూసి చదువుతున్నంత స్పష్టంగా మొదలైంది.

"ఉద్యోగంలో ఉండగా నేను ఒక అబద్ధం టైపు చేశాను. అబద్ధమని తెలిసే చేశాను. ఆ ఒక్క కాగితం వల్ల ఒక మనిషి దొంగ అనిపించుకుని ఆఫీసు మెట్లు దిగిపోయాడు. అతను ఇంకా బతికే ఉన్నాడు. పోయిన వారం మా వీధి చివర, మందుల దుకాణం ముందు నన్ను చూసి ఆగి..."

మాస్టారు ఉలిక్కిపడి తల ఎత్తారు.

"ఆపండమ్మా," అన్నారు. ఆయన గొంతు పూర్తిగా మారిపోయింది. "మీరు ఏ ఆఫీసులో చేశారన్నారు?"